మా బావగారి కంప్యూటర్ విమోచనం

“ఈ రోజుతో మన కంప్యూటర్ల బానిసత్వం అంతమైంది” అని మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. మంత్రిగారు నాకు స్వయానా బావగారు. వారింట్లో తాత్కాలికంగా ఉంటున్నాను. ఆ తాత్కాలికం మొదలై చాలా కాలమైంది. కాబట్టి ఈ చారిత్రక ఘట్టాన్ని దగ్గరగా చూసినవాడిగా పాఠకులకు ఉన్నదున్నట్టు చెప్పడం నా బాధ్యత.

ప్రకటన సారాంశం ఇది. మన ఆఫీసుల్లో కంప్యూటర్లను నడిపే సిస్టమ్ ఎవరో పరాయి కంపెనీది. దాని లోపల ఏముందో వాళ్ళు చూపించరు. ఇకమీదట ఓపెన్ సోర్స్ సిస్టమ్ వాడతాం. అది అందరిదీ. ఎవరైనా తెరిచి లోపల చూసుకోవచ్చు.

“మీరు చూశారా సార్?” అని ఒక విలేకరి అడిగాడు.

“చూడకుండా నమ్మగలగడమే దాని గొప్పతనం” అన్నారు బావగారు. “మొట్టమొదట మా ఇంటి కంప్యూటర్‌నే మారుస్తున్నాం. త్యాగం ఇంట్లోంచే మొదలవ్వాలి.”

ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్, హాల్లో కిటికీ పక్కన. దాన్ని వాడేది మా అక్క. ఆవిడ లెక్కల టీచరు. స్కూలు నుంచి రాగానే దాని ముందు కూర్చుని, పిల్లలకు అర్థమయ్యేలా రేఖాగణితం పుస్తకం రాస్తోంది. సగం పైనే అయింది. ఈ సంగతి బావగారికీ తెలుసు. అయితే తెలిసినవన్నీ గుర్తుపెట్టుకుంటూ కూర్చుంటే పరిపాలన సాగదు.

మార్పిడి పని శాఖలోని సాంకేతిక అధికారికి అప్పగించారు. ఎవరేమన్నా ‘చిత్తం’ అంటాడు గనక ఆయన్ని అందరూ చిత్తంగారు అంటారు. అక్క స్కూల్లో ఉండగా ఆయన వచ్చాడు.

“సార్, పాతదంతా తుడిచేయాలి. ఇందులో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?”

“నా ఫొటోలు తీసి పక్కన పెట్టావుగా?”

“పెట్టాను సార్.”

“అయితే ఇంకేమీ లేవు.”

“చిత్తం” అని తుడిచేశాడు.

ప్రారంభోత్సవానికి కంప్యూటర్ చుట్టూ ఎర్ర రిబ్బన్ కట్టారు. బావగారు కెమెరాల వైపు చూసి నవ్వుతూ రిబ్బన్ కత్తిరించారు. దానితో పాటు మౌస్ వైరు కూడా తెగింది. మౌస్‌కు కూడా విముక్తి లభించిందని అందరూ చప్పట్లు కొట్టారు. చిత్తంగారు తన సంచిలోంచి ఇంకో మౌస్ తీసి తగిలించాడు.

తర్వాత పాస్‌వర్డ్. బావగారు తన పూర్తి పేరు కొట్టారు. తెర మీద ఏదో ఎర్రగా వచ్చింది.

“ఏమంటోంది?”

అది ‘చాలా బలహీనం’ అంటోంది. చిత్తంగారు గొంతు సవరించుకున్నాడు. “మీ పేరు ఊరందరికీ తెలిసిపోయిందంటోంది సార్. ఇంకేదైనా పెట్టమంటోంది.”

“చూశారా, ఎంత వినయం” అన్నారు బావగారు విలేకరులతో.

సాయంత్రం అక్క వచ్చి కూర్చుంది. వెతికింది. మళ్ళీ వెతికింది.

“నా పుస్తకం ఏది?”

“అది పాత వ్యవస్థ అవశేషం” అన్నారు బావగారు. “పెద్ద మార్పు వచ్చినప్పుడు చిన్న చిన్నవి పోతుంటాయి.”

అక్క కుర్చీలోంచి లేచి పెరట్లోకి వెళ్ళి, ఆరిన బట్టల్ని తీసి మడతపెట్టింది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టింది. నేను వెళ్ళి పక్కన నిలబడి, మడతపెట్టినవి అందుకున్నాను.

మర్నాడు అక్క స్కూలు నుంచి వచ్చి, ఆ కొత్త సిస్టమ్ ముందే కూర్చుని, ‘బిందువు అంటే ఏమిటి’ దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. మొదట్లో దాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. కొన్నాళ్ళకు తిట్లు తగ్గాయి. త్రికోణాల దగ్గరకు వచ్చేసరికి కూనిరాగం కూడా వినిపించింది.

“ఒరేయ్, ఇది చెప్పిన మాట వింటుందిరా” అంది నాతో. “ఈ ఇంట్లో అలాంటిది ఒకటుండటం నాకు కొత్తగా ఉంది.”

ఇంతలో బావగారికి కష్టం వచ్చింది. టీవీలో తానిచ్చిన ఇంటర్వ్యూ చూసుకుందామని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు.

“బావమరిదీ, ఇలా రా. ఏం కనపడుతోంది?”

“మీరే బావగారూ. మాట్లాడుతున్నారు.”

“మాట్లాడుతున్నానా? నోరు కదుపుతున్నాను, చెయ్యి ఊపుతున్నాను. ఏమైనా చెబుతున్నట్టుందా?”

నిజాయితీగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న కాదది.

ఆయన ముఖం పాలిపోయింది. వెంటనే చిత్తంగారిని తన గదిలోకి పిలిపించి తలుపు మూశారు. “రహస్యంగా పాతది పెట్టెయ్. పైకి మాత్రం కొత్తదిలానే ఉండాలి. వచ్చినవాళ్ళకి తెర మీద ఆ కొత్త సిస్టమ్ బొమ్మే కనపడాలి.”

“చిత్తం” అన్నాడాయన.

కానీ ఆయన హాల్లోకి వచ్చేసరికి కంప్యూటర్ దగ్గర అక్క కూర్చుని ఉంది.

“మళ్ళీ తుడుస్తారా?” అంది.

“సార్ ఆర్డరమ్మా.”

“ముట్టుకుంటే ఊరుకోను. ఆయన చూసేది ఆయన బొమ్మనే. దాని చుట్టూ ఏముందో ఏనాడైనా చూశారా? మీరు మీకోసం పెట్టిన ఆ కాఫీ తాగేసి, పని అయిపోయిందని చెప్పండి.”

చిత్తంగారు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. “చిత్తం” అని కాఫీ తాగాడు. అక్క వంగి, బల్ల కింద ఊడిపోయి ఉన్న స్పీకరు వైరు గుచ్చింది.

బావగారు వచ్చి నొక్కారు. హాలంతా ఆయన గొంతే. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

“చూశారా, పాతది పాతదే” అన్నారు మెల్లగా.

“చిత్తం” అన్నాడు చిత్తంగారు.

ఆ వారమే పార్టీ అధినేత స్వయంగా చూడ్డానికి వచ్చారు. దీని మీదే బావగారి పదవి ఆధారపడి ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు. అధినేత కూర్చుని అదీ ఇదీ నొక్కారు. అన్నీ ఠక్కున తెరుచుకున్నాయి. అక్క గీసిన వృత్తాలు చూసి ముచ్చటపడ్డారు.

“ఇంత బాగా పనిచేస్తోందే. అయితే అన్ని ఆఫీసుల్లోనూ పెట్టించేద్దామయ్యా.”

బావగారికి చెమట పట్టింది. కొత్తది అన్నిచోట్లా పెడితే తన మాట ఊరంతటా మూగబోతుంది. అధినేత చెవి దగ్గరకు వంగారు. పక్కనే ఉన్నాను గనక నాకూ వినిపించింది.

“అయ్యా, మీ దగ్గర దాపరికం లేదు. ఇది పాతదే. పైన బొమ్మ ఒక్కటే కొత్తది. కొత్తది అసలు పనికిరాదు.”

అధినేత మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలారు. “అలాగా. అదే అనుకున్నా. ఇంత బాగా పనిచేస్తుంటే అనుమానమే వచ్చింది” అన్నారు. “మరి కొత్తది పనికిరాదన్న ఆ మాటే ప్రజలకి చెప్పేయ్. స్వయంగా వాడి చూసి చెబుతున్నానని అను. అనుభవం ఉన్న మంత్రివని పేరొస్తుంది.”

పదవి నిలబడింది. ఆ సాయంత్రం బావగారు హాల్లో అటూ ఇటూ నడుస్తూ ఉపన్యాసం చెబుతుంటే, అక్క కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేసింది. ‘ప్రజల సౌకర్యం దృష్ట్యా ఆ కొత్త సిస్టమ్‌కు స్వస్తి చెబుతున్నాం’ అన్నచోట ఆయన ఎదుట కెమెరా ఉన్నట్టే చెయ్యి ఊపారు. రెండో విముక్తి అని దానికి పేరు కూడా పెట్టారు.

ప్రింటరు లోంచి కాగితాలు వరసగా వచ్చాయి. బావగారు చేతిలోకి తీసుకుని వెలుగులో చూశారు. ఒక్క ఒత్తు చెదరలేదు. ఒక్క అక్షరం గళ్ళుగా మారలేదు.

“చూడవోయ్ బావమరిదీ, ఎంత శుభ్రంగా వచ్చిందో. ఇదే ఆ కొత్తదానిలో అయితే ఇలా వచ్చేదా?”

“ఏమండీ” అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా. “‘ఎందుకూ పనికిరాదు’ అన్నది కాస్త లావు అక్షరాల్లో పెట్టనా?”

“పెట్టు” అన్నారు మంత్రిగారు.