నూరేళ్ల తుమ్ము

మా విద్యాలయానికి నూరేళ్లు నిండాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కంగారు పడకండి, బడి బతికే ఉంది. శతాబ్ది ఉత్సవాల చరిత్ర ఉపసంఘానికి అధ్యక్షుడూ, కార్యదర్శీ, ఏకైక సభ్యుడూ నేనే కనుక ఈ "మేము" అనే మాట అక్కడక్కడా దొర్లుతుంది. ఈ పదవికి నాకున్న అర్హత ఏమిటంటే, నేనూ ఈ బడిలోనే చదివాను, తుమ్ములో బంగారు పతకం కూడా సంపాదించాను.

"తుమ్ములోనా?" అని అడగబోతున్నారు. ఆ అడిగే అలవాటే వద్దనేది. చెబుతున్నాను కదా!

బడి ప్రారంభమైన రోజున వ్యవస్థాపకులు, అంటే మేమంతా పెద్దాయన అని పిలుచుకునే మహానుభావుడు, వేదిక ఎక్కి ప్రసంగించారు. గోడలకు ముందురోజే సున్నం కొట్టారు. ఎక్కడ చెయ్యి వేసినా పొడి రాలుతోంది. ఆయన అందరికీ స్వాగతం పలికి, ఇటుకలు మోసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, చివర్లో గొంతు సవరించుకుని ఇలా అన్నారు: "ఈ బడి పెట్టడంలో నా ఉద్దేశం ఒక్కటే. ఇక్కడికొచ్చే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ... హాఛ్!"

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. జనం తలో దిక్కూ పరుగెత్తారు. పెద్దాయనకు పడిశం పట్టింది. పడిశం తగ్గాక వెళ్లి, "అయ్యా, ఆ వాక్యంలో తరవాతి ముక్క ఏమిటండీ?" అని అడగవచ్చు. కానీ పెద్దవాళ్లను అడగడం మర్యాద కాదు గనుక ఎవరూ అడగలేదు. ఆయన ఆ తరవాత చాలా ఏళ్లు నిక్షేపంలా ఉన్నారు. ఏటా వార్షికోత్సవానికి వచ్చేవారు. "నేనో మాట చెప్పాలి" అంటూ లేచేవారట కూడా. లేచినప్పుడల్లా మెడలో దండ వేసి, చప్పట్లు కొట్టి, కూర్చోబెట్టేవారు. పోనుపోను ఆయన లేవడం మానేశారు. మా బడిలో పెద్దలంటే అంత గౌరవం.

ఆ విధంగా మా బడి ధ్యేయవాక్యం "హాఛ్" అయింది. గేటు మీద సిమెంటు అక్షరాలతో వేయించారు. శతాబ్ది సభ దాకా మా పద్ధతులు ఇవీ. బ్యాడ్జీ మీద పెద్దాయన ముక్కు. జేబులో నాలుగు మడతల తెల్ల రుమాలు లేనిదే గేటు దాటనివ్వరు. పిల్లలను రెండు జట్లుగా విడదీశారు, కుడి నాసిక, ఎడమ నాసిక. ఆటల పోటీల్లో ఈ రెండింటికీ ఉప్పూ నిప్పూ. పొద్దున్నే ప్రార్థన సమావేశంలో బడి నాయకుడు ఆ వాక్యం చెబుతాడు, చివర బడి మొత్తం ఒక్కసారిగా తుమ్ముతుంది. ఎదురు వీధిలో మేడల మీద ఆరేసిన బట్టలు ఆ సమయానికి తీసేస్తారు.

ఇక సిద్ధాంత విషయానికొస్తే, మా ఉపాధ్యాయులు గట్టి పండితులు. తుమ్మే సందేశమని కొందరు వాదిస్తారు. తుమ్ము తరవాత వచ్చిన నిశ్శబ్దమే సందేశమని మరికొందరు. ఈ రెండు వర్గాలకూ స్టాఫ్ రూములో వేరు వేరు టీ ఫ్లాస్కులు. సందేశం తుమ్ముకు ముందే అయిపోయిందని వాదించే లెక్కల మాస్టారు ఒక్కరున్నారు, పాపం ఆయన టీ ఇంటి నుంచి తెచ్చుకుంటారు.

తుమ్ము పరీక్ష చాలా కఠినం. గొంతుతో చేసే దొంగ తుమ్ము చెల్లదు. తుమ్ముల మాస్టారు టార్చిలైటు వేసి ముక్కులు తనిఖీ చేస్తారు. కాగితం పుల్లలు, మిరియాల పొడి, నశ్యం పట్టుబడితే డిబారు. నల్లబల్ల పక్కన సుద్దపొడి బాగా పడుతుందని ముందు బెంచీ కోసం జుట్లు పట్టుకుంటారు. దుమ్ము పడని పిల్లలకు ప్రవేశాల్లో ప్రత్యేక కోటా. మా పూర్వ విద్యార్థి ఒకాయన డాక్టరై, దుమ్ము పడని జబ్బుకు మంచి మందు ఇస్తున్నాడని తెలియగానే ఆయన్ను సంఘం నుంచి వెలివేశాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం!

ఇంత ఘన చరిత్ర గల బడిలో మా అక్క కూతురు అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంట్లో అందరం దాన్ని "ఎందుకమ్మ" అంటాం. పుట్టినప్పటి నుంచీ అదే ధోరణి. అన్నం తినవే అంటే ఎందుకు, పడుకోవే అంటే ఎందుకు. దానికి బడిలో ప్రాణమైనది ఒక్కటే, సైన్సు ల్యాబు. లోపల సూక్ష్మదర్శిని ఉందట. కిటికీ సందులోంచి చూసి వచ్చి, పండగొచ్చినట్టు గెంతింది. అయితే ల్యాబుకు తాళం. పెద్దాయన ఆనాడు ముక్కు తుడుచుకున్న రుమాలును లోపలి గాజు బీరువాలో భద్రపరిచారు మరి. పదో తరగతి వాళ్లకు తాళం తీస్తారని ఎవరో చెప్పారు. అది మొదలు ఆ పిల్లకు పదో తరగతి తప్ప లోకం లేదు.

శతాబ్ది సభలో పెద్దాయన ప్రసంగం మొత్తం అప్పజెప్పే గౌరవం ఎందుకమ్మకు దక్కింది. తడుముకోకుండా చెప్పగలిగింది బడి మొత్తం మీద అదొక్కతే. కరస్పాండెంట్ గారు మా అక్కను పిలిపించి, చాలా ఆప్యాయంగా మాట్లాడారు.

"బాగా చెబితే పదో తరగతిలో మొదటి బెంచీ అమ్మా. తుమ్ము తప్పిందనుకోండి, టీసీ ఇచ్చేస్తాం. వేరే బడి చూసుకోవచ్చు. మాకు పిల్లల స్వేచ్ఛ ముఖ్యం."

చిక్కల్లా ఒక్కటే. ఎందుకమ్మకు తుమ్ము రాదు. పుట్టి బుద్ధెరిగి తుమ్మి ఎరగదు. దాని ముక్కు అంత ఆరోగ్యంగా తగలడింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వే గట్టెక్కించాలిరా," అని అక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. బంగారు పతకం ఉన్నవాణ్ణి, నాకో లెక్కా! శిక్షణ మొదలుపెట్టాను. మిరియాలు దంచి చూపించాం, ఎందుకమ్మ ఆసక్తిగా చూసింది. కోడి ఈక ముక్కులో తిప్పాం, కిలకిలా నవ్వింది. ఎండలో నిలబెట్టి సూర్యుణ్ణి చూడమన్నాం, సూర్యుడి మీద పది ప్రశ్నలు వేసింది. చివరికి తలుపులు బిడాయించి ఎండుమిరపకాయలు వేయించాం. నేను తుమ్మాను, అక్క తుమ్మింది, పక్కింటి వాళ్లు తుమ్ముతూ వచ్చి పోట్లాడి తుమ్ముతూ వెళ్లారు. వీధిలో కుక్క కూడా తుమ్మింది. వాచీలు బాగుచేసే మా బావ ముందుగదిలో బల్ల మీద ఎవరిదో వాచీ విప్పి పెట్టుకుని ఉన్నాడు. ఆయన తుమ్మిన ఆ ఒక్క తుమ్ముకు చక్రాలన్నీ గాల్లో కలిసిపోయాయి.

"మీ బడి తగలడ! ఏమయ్యా బావమరిదీ, ఇది చదువా, జబ్బా?" అని నేల మీద పాకుతూ అరిచాడు. ఆయన మా బడిలో చదవలేదు, అందుకే క్షమించాను.

ఎందుకమ్మ మాత్రం కళ్లు తుడుచుకుని నా పక్కన కూర్చుంది.

"మావయ్యా, ఆయన అసలేం చెప్పబోయారు?"

"ఎవరే?"

"పెద్దాయన. తుమ్ము రాకపోతే ఏం చెప్పేవారు?"

"తుమ్ము వచ్చింది కదే!"

"అబ్బా, రాకపోతే?"

చరిత్ర ఉపసంఘం తరపున దానికో జెల్లకాయ ఇచ్చాను. ఇచ్చాక రాత్రంతా మనసు మనసులో లేదు. ఆ పిల్ల ఆ ల్యాబు కిటికీ దగ్గర మునివేళ్ల మీద నిలబడి చూడటం కళ్ల ముందు మెదిలింది. దానికి టీసీ ఇస్తే నేను తట్టుకోలేను. అందుకని నా సొంత బుర్రతో ఒక ఏర్పాటు చేశాను. వేయించిన మిరపకాయల పొడి నా చేతిరుమాలులో కట్టి, సభలో ముందు వరసలో కూర్చుని, సమయానికి దాని వైపు విదిలించాలని నిశ్చయించాను. మరీ దొంగతనమేమీ కాదు, కుటుంబ సహాయం.

సభ దివ్యంగా జరిగింది. ముఖ్య అతిథి మంత్రిగారు. కరస్పాండెంట్ గారి ప్రసంగం నుంచి కొంత భాగం ఇక్కడ పొందుపరుస్తున్నాము: "మిత్రులారా! ఈ దేశంలో బడులు చాలా ఉన్నాయి. పిల్లలకు ఏవేవో నేర్పి పంపిస్తున్నాయి. కానీ నూరేళ్లుగా ఒకే మాట మీద నిలబడ్డ బడి మాది. అది కూడా మాట కాదు! మాట తప్పవచ్చు. తుమ్ము తప్పగలమా?" చప్పట్లు ఆగలేదు. ఇద్దరు పూర్వ విద్యార్థులు ఆనందం పట్టలేక అక్కడికక్కడే తుమ్మారు.

తరవాత ఎందుకమ్మ మైకు ముందుకొచ్చింది. స్వాగతం చెప్పింది, ఇటుకలు మోసినవాళ్ల పేర్లు పొల్లుపోకుండా చెప్పింది. "ఈ బడి పెట్టడంలో నా ఉద్దేశం ఒక్కటే. ఇక్కడికొచ్చే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ..." అని ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. నేను రుమాలు విదిలించాను. ఫ్యాను గాలి సంగతి మరిచిపోయాను. పొడి మొత్తం మంత్రిగారి మీదికి పోయింది.

ఎందుకమ్మ ముక్కు నలుపుకుంది. పైకప్పుకేసి చూసింది. ఏమీ రాలేదు. మొదటి వరసలో వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు ఆ పిల్ల మైకు దగ్గరకు లాక్కుని, "రావడం లేదండీ," అంది. అని, వాక్యం పూర్తి చేసేసింది.

"...తెలియనిది అడగాలి. అడిగితే ఎవరూ కసరకూడదు. పెద్దాయన ఇదే చెప్పబోయారని నేననడం లేదు. నాకు తెలీదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి."

ఏడుపొచ్చేసిందేమో, గౌను చేతితో ముక్కు తుడుచుకుంది. రుమాలు జేబులో ఉండగానే! సరిగ్గా ఆ క్షణాన మంత్రిగారు ఏడు వరస తుమ్ములు తుమ్మారు. జనం లేచి నిలబడి జేజేలు కొట్టారు. ఆ హడావుడిలో ఎందుకమ్మను వేదిక వెనకనుంచి దింపేశారు.

మర్నాడు మమ్మల్ని పిలిపించారు. బల్ల మీద టీసీ సిద్ధంగా ఉంది. "నూరేళ్ల తుమ్మును మింగేసింది మీ పిల్ల," అన్నారు ప్రిన్సిపాల్ గారు గద్గద స్వరంతో. అక్క ఆయన కాళ్లమీద పడబోయింది. బావ ఆమె రెక్క పట్టుకుని ఆపాడు. ఎందుకమ్మ తల వంచుకుని, "ల్యాబు ఒక్కసారి చూసి వెళ్లిపోతానండీ," అంది.

ఇంతలో ఫోను మోగింది. మంత్రిగారు. నిన్నటి అమ్మాయి మాట తనకు చాలా నచ్చిందనీ, వచ్చే సభలో వాడుకుంటాననీ, ఇంత గొప్ప మాట నేర్పిన బడిని అభినందిస్తున్నాననీ సెలవిచ్చారు. కరస్పాండెంట్ గారు ఫోను పెట్టేసి, టీసీని నాలుగు మడతలు పెట్టి, దాంతో విసురుకున్నారు.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను," అన్నారు. "పెద్దాయన మనసులో ఉన్నది ఇదే!"

ఆ పూటే కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. గేటు మీద "హాఛ్" చెక్కి తీసేసి "తెలియనిది అడగాలి" అని రాయించారు. ఇప్పుడు పొద్దున్నే బడి మొత్తం ఆ మాటను ఒకే గొంతుతో అని, ఒకేసారి చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటుంది. జట్ల పేర్లు కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. తుమ్ముల మాస్టారిని తుడుపుల మాస్టారుగా మార్చారు, పాపం ఉద్యోగం పోలేదు. "తెలియనిది ఏం చేయాలి?" అన్నది పరీక్షలో తప్పనిసరి ప్రశ్న. "అడగాలి" అని రాస్తే పూర్తి మార్కులు, ఇంకేం రాసినా సున్న. హాల్లో ఎందుకమ్మ పటం పెట్టారు. చిత్రకారుడు రంగు కాస్త తేల్చి, మొహాన భక్తి పూశాడు. ఎవరూ పోల్చుకోలేరు గానీ, చాలా బాగుంది.

ఎందుకమ్మ పదో తరగతికి వచ్చింది, మొదటి బెంచీలోనే కూర్చుంది. మొదటి రోజే చెయ్యెత్తి, "సార్, ల్యాబు తాళం ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది.

ల్యాబుకు ఇప్పుడు రెండు తాళాలు. పెద్దాయన రుమాలు పక్కన ఎందుకమ్మ గౌను చెయ్యి కూడా కత్తిరించి భద్రపరిచాం కదా. అదంతా తెలిసి కూడా అడగడమేమిటి? సైన్సు మాస్టారికి ఒళ్లు మండింది.

"ఎదురు ప్రశ్నలా! వెళ్లు, హాల్లో ఆ పటం కింద నిలబడు. చూసైనా బుద్ధి తెచ్చుకో!"

ఆ రోజే కొత్త ప్రవేశాలు. గేటు బయట వీధి మలుపు దాకా తల్లిదండ్రుల వరస. చరిత్ర ఉపసంఘం తరపున స్వాగతం పలకడానికి నేను హాల్లోనే ఉన్నాను. "ఏమైనా అడగాలా?" అని కరస్పాండెంట్ గారు ఒక్కొక్కరినీ అడిగారు. "అబ్బే, ఏం లేదండీ" అన్నారు ఒక్కొక్కరూ. ఎందుకమ్మ గోడకు ఆనుకుని, నా వంకే చూస్తూ నిలబడి ఉంది. నేను చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని అటు తిరిగాను.

అప్పుడు వరసలో ఒకరు తమ బిడ్డను పటం ముందుకు తీసుకొచ్చి, వేలెత్తి చూపించి చెప్పారు. "చూశావా, నువ్వు ఆ అమ్మాయిలా అవ్వాలి." తరవాత వేలు కాస్త కిందికి దించారు. "ఇదిగో, ఈ పిల్లలా మాత్రం అవ్వకూడదు."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అని తిరిగి చూశాను. మీరే.