పెదతాత దిబ్బ

ఆ రోజు పొద్దున గంజి తాగుతూనే కువాంగ్ తేబావ్ పెద్ద పథకం వేశాడు. కొత్త రహదారి సరిగ్గా వాళ్ల ఇంటి మీదుగా పోతోంది. మట్టిగోడల ఇల్లని సర్కారువాళ్లు కట్టిన ధరకి పట్నంలో వంటగది కూడా రాదు. భార్య ష్యూఝెన్‌కి మోకాళ్లు అరిగిపోయాయి. లిఫ్టున్న ఫ్లాటు కొనిపెడతానని ఆమెకి ఏనాడో మాటిచ్చాడు.

"స్థలంలో సమాధి ఉంటే, దాన్ని కదిపినందుకు వేరే పరిహారం ఇస్తారటే," అన్నాడు గొంతు తగ్గించి.

"మన దొడ్లో సమాధి ఎక్కడుందయ్యా?"

"మధ్యాహ్నానికి ఉంటుంది."

అన్నట్టే ఉంది. చిలగడదుంపల మడి పక్కన గుండ్రటి మట్టి దిబ్బ లేచింది. నెత్తిన, సమాధులకి పెట్టే పసుపు కాగితం పరిచి, ఎగిరిపోకుండా రాయి కూడా పెట్టాడు. దొంగపనైనా శుభ్రంగా చెయ్యడం తేబావ్‌కి అలవాటు.

పక్కింటి లువో అత్త గోడ మీంచి తొంగిచూసింది. "ఎవర్రా అబ్బాయ్ అందులో?"

తేబావ్ నోటికొచ్చింది చెప్పేశాడు. "మా పెదతాత."

"వరదలో కొట్టుకుపోయినాయనా? శవం దొరకలేదుగా!"

"దొరికింది," అన్నాడు తేబావ్.

లువో అత్త చెవిన పడితే ఊరందరి చెవినా పడ్డట్టే. పైగా మర్నాడు ఛింగ్‌మింగ్, పెద్దల సమాధులు ఊడ్చి దణ్ణం పెట్టుకునే రోజు. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్లలోని కువాంగ్ వంశమంతా ఉడికించిన కోళ్లతో, సారాతో, టపాకాయలతో దిగిపోయింది. చిన్నతాతని వీపున వేసుకుని మోసుకొచ్చారు. కొట్టుకుపోయినాయనకి ఆయన స్వయానా తమ్ముడు. తొంభై దాటిన మనిషి దిబ్బకి చెంప ఆనించి, "ఇన్నేళ్లూ ఏటి నీళ్లకి దణ్ణం పెట్టుకున్నానన్నా! ఇవాళ్టికి నీ మట్టి దొరికింది!" అని బావురుమన్నాడు. తేబావ్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, ఏడుపు ఆగలేదు. ఎంత భక్తిరా నీకు అంటూ అందరూ వీపు నిమిరారు.

సరిగ్గా అప్పుడే భూసేకరణ అధికారి మెంగ్ వచ్చాడు. "ఎముకలు తీసి వేరేచోట పెట్టుకోండి. పరిహారం వెంటనే ఇస్తాం."

"మా అన్నని కదిపే మొనగాడెవడ్రా?" అంటూ చిన్నతాత దిబ్బ మీద అడ్డంగా పడుకున్నాడు. వంశంలోని ముసలాళ్లంతా ఒకరి పక్కన ఒకరు పడుకున్నారు.

మెంగ్ మొగుడూపెళ్లాల్ని చాటుకి పిలిచాడు. "ఇలాంటి దిబ్బలు నేను చాలా చూశాను బాబూ. లోపల ఏమీ లేదని వాళ్లకి చెప్పు చాలు. కేసూ గీసూ పెట్టను. ఇంటికీ మడికీ మంచి రేటు నేనే రాయిస్తాను. కాదంటావా, రోడ్డు పక్కకి జరపడం తప్ప గతిలేదు. చెప్పు, అందులో ఎవరైనా ఉన్నారా?"

తేబావ్ భార్య మోకాళ్ల వంక చూశాడు. దిబ్బని కావలించుకున్న ముసలాయన వంక చూశాడు.

"ఉన్నారు బాబూ," అంది ష్యూఝెన్. "మా పెదతాతగారే."

రహదారి వంగి లువో అత్త బాతుల చెరువు మీదుగా పోయింది. మంచి రేటే ఇచ్చారు. ఆవిడ ఇప్పుడు పట్నంలో, పనున్నా లేకపోయినా లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతోందట. ఇక్కడ ఏటా ఛింగ్‌మింగ్‌కి వంశమంతా వస్తుంది. భోజనాలు తేబావ్ ఇంట్లోనే.

పెదతాత ఒక్కడే ఇంతవరకూ రాలేదు.