నాటుపుంజు యేసుపాదం

మన రాజ్యంలో జబ్బు చేస్తే కోడికే చెయ్యాలి. కోడి తుమ్మితే జీపు వస్తుంది, పెద్ద డాక్టరు వస్తాడు, దాని గొంతులో పుల్ల పెట్టి తీసిన నమూనా ఐసుపెట్టెలో కూర్చుని విమానమెక్కుతుంది. (మా ఊరి నుంచి విమానమెక్కిన మొదటి గొంతు కోడిదే.)

చిలకలూరిపేటకి ఇవతల మా ఊరి కోళ్ళఫారంలో బర్డ్ ఫ్లూ పడింది. చుట్టూ కిలోమీటరులో ఉన్న పక్షులన్నిటినీ, జబ్బున్నా లేకపోయినా, పట్టి పూడ్చాలని ఉత్తర్వు. ఊళ్ళో కోళ్ళు పట్టడం చేతనైనవాడు యేసుపాదం ఒక్కడే. ఆయనకి గ్లవ్సు, మాస్కు, ఒళ్ళంతా కప్పే తెల్లసూటు ఇవ్వాలని రూలు. సామాను ఒక్కరికి సరిపడానే వచ్చింది. దాన్ని పక్షివిపత్తు నివారణాధికారి అంకమ్మరావు గారు ఫొటో కోసం తొడుక్కున్నారు. యేసుపాదం లుంగీ ఎగ్గట్టి ఉత్త చేతుల్తో పట్టాడు.

మూడోనాటికి జ్వరం, దగ్గు. భార్య రెబ్కా ఆయన్ని మనుషుల ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

"మిరపకోతల్లో దగ్గు రాక పాట వస్తుందా?" అన్నాడు అక్కడి డాక్టరు. "ఈ నెల్లో దగ్గనివాడెవడన్నా ఉంటే తీసుకురామ్మా, వాడికి పరీక్ష చేస్తా."

"కోళ్ళు పట్టాడండీ. ఆ జబ్బేమోనని భయం."

"కోళ్ళ జబ్బయితే పశువులాసుపత్రి కదమ్మా!"

పశువులాసుపత్రిలో అంకమ్మరావు గారు ఉన్నారు. దయగల మనిషే. "పుల్లలున్నాయమ్మా. కానీ పక్షులకే."

రెబ్కా కొంగు బిగించింది. "అయితే పక్షి అనే రాసుకోండి సార్. తెల్లారకముందే లేచి అరుస్తాడు, పగలంతా ఊరు తిరుగుతాడు, చీకటిపడితే గూటికొస్తాడు. ఇంకేం కావాలి?"

"గుడ్లు పెడతాడా?"

"పుంజు సార్!"

"నోరుమూసుకోవే," అన్నాడు యేసుపాదం దగ్గుతూనే.

రాసుకున్నారు. నాటుజాతి, అరవై రెండు కిలోలు. (ఇంత పుంజుని పెంచినందుకు రెబ్కాని అభినందిస్తూ పైనుంచి ఫోను కూడా వచ్చింది.)

ఫలితం వచ్చింది. పక్షికి ఫ్లూ లేదు, పూర్తి ఆరోగ్యంగా ఉంది. జ్వరం కూడా దానంతటదే దిగిపోయింది. ఆదివారం ప్రభువు గుడిలో రెబ్కా లేచి సాక్ష్యం చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు. సోమవారం ఇంటిముందు జీపు ఆగింది.

"కిలోమీటరు లోపల ఆరోగ్యమైన పక్షి ఒకటి మిగిలిపోయిందమ్మా," అన్నారు అంకమ్మరావు గారు బాధగా. "అలా మిగలకూడదు."

"మీ రూలు తగలెయ్య! ఆయన మనిషయ్యా!"

"నాకు తెలుసమ్మా. ఆ మాట మనుషుల ఆసుపత్రి చెప్పాలి."

అక్కడ అడిగితే, ఈయనకి తామెన్నడూ పరీక్ష చెయ్యలేదు గనక మనిషని చెప్పలేమన్నారు. (ఈ రూళ్ళు రాసినవాడెవడో వాడికి కోడీ తెలీదు, మనిషీ తెలీదు.)

ఇక పట్టడమే మిగిలింది. జీపులో వచ్చినవాళ్ళెవరికీ పట్టడం రాదు. అంకమ్మరావు గారు ఇటూ అటూ చూసి, అరుగుమీద బీడీ కాల్చుకుంటున్న యేసుపాదాన్నే పిలిచారు.

"ఏమయ్యా, ఒక పుంజుంది. పట్టాలి."

"అదెంత పని సార్," అన్నాడు యేసుపాదం. "కానీ ఈసారి గ్లవ్సు, మాస్కు, తెల్లసూటు ఇస్తేనే ముట్టుకుంటా. రూలు."

"రూలే," అని ఆయన ఒప్పుకుని, ఒకసారి తొడిగిన సామాను మళ్ళీ తొడగకూడదు గనక కొత్తది వెంటనే పంపమని పైకి రాశారు.

ఇదంతా పోయినేడు మాట. గ్లవ్సు ఇంకా రాలేదు. యేసుపాదం క్షేమంగా ఉన్నాడు.