మామూలుగా ఉండండి!

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, బావమరిది డబ్బా కెమెరా మెడలో తగిలించుకుని, తెనాలి లెక్కల మాస్టారు గౌరీశంకరం రేపల్లె రైలెక్కాడు. ఒక వారపత్రిక పెట్టిన ఫోటోల పోటీకి గడువు ఆ వారంతో ఆఖరు. ముక్కూ మొహం తెలియని మనిషిని, వీధిలో సహజంగా ఉన్నవాణ్ణి ఉన్నట్టు తీయాలి. బహుమతి తనదేనని మాస్టారు స్టాఫు రూములో ముందే చాటేశాడు. రాకపోతే పరువు గంగలో కలిసినట్టే.

రేపల్లెలో దిగగానే అదృష్టం కలిసొచ్చింది. వీధి మొదట్లో తాటాకు పందిరి కింద మంగలి యలమంద ఒకాయనకు గడ్డం గీస్తున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండోదాని నిండా సబ్బు నురగ. మాస్టారు కెమెరా ఎత్తాడో లేదో, ఆ మనిషి లేచి నిలబడ్డాడు.

"ఫోటోనా? ఉండండి బాబూ, చొక్కా ఏసుకొస్తా!"

"వద్దండి! ఇలాగే మామూలుగా ఉండండి!"

"పెళ్ళికి కూడా తీయించుకోలేదండి. ఇప్పుడు అర గడ్డంతోనా?" అంటూ రాఘవయ్య అనే ఆ మనిషి ఎదురింట్లోకి పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి పక్కన భార్య లక్ష్మి ఉంది. ఆమె మెడలో పక్కింటి కనకదుర్గ గొలుసు ఉంది. వెనకాలే కనకదుర్గ కూడా ఉంది.

"నా గొలుసు ఫోటోలో పడుద్దంట, నేను పడొద్దా?"

ఫోటో అన్నాక రేడియో ఉండాలని ఎవరో అన్నారు. రేడియో వచ్చింది, దాన్ని ఎరువిచ్చిన వెంకట్రామయ్యా వచ్చాడు. కుర్చీల వెంట కుర్చీల వాళ్ళు దిగారు, అలారం గడియారం వెంట ఓ ఉమ్మడి కుటుంబం దిగింది. వీధి వీధంతా వరస కట్టి, చేతులు తొడలకు అంటించి, ఊపిరి బిగబట్టింది. మాస్టారు నవ్వమంటే ఇంకా బిగుసుకున్నారు. రేడియో ముందుకు పెట్టి ఒకటి, గొలుసు కనబడేట్టు ఒకటి అంటూ తీయించుకునేసరికి రీల్లో ఆఖరి ఫోటో మిగిలింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

"ఎలా ఉండాలో నేను చూపిస్తాను!"

కెమెరా రాఘవయ్య తల్లి సుబ్బరత్నమ్మ చేతిలో పెట్టి, తానే వెళ్ళి యలమంద ముందు పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా గడ్డం కనబడితే యలమంద చెయ్యి ఊరుకోదు. నురగ పూసేశాడు.

"నాకెందుకయ్యా!" అని మాస్టారు కేక పెట్టాడు. నురగ నోట్లోకి పోయింది. వీధంతా గొల్లున నవ్వింది.

"ఇది నొక్కితే ఏమవుద్ది బాబూ?" అని అడిగింది, అప్పటికే నొక్కేసిన సుబ్బరత్నమ్మ.

తెనాలిలో రీలు కడిగిన స్టూడియో జ్ఞానానందం ఆ ఆఖరి ఫోటో చూసి ఎగిరి గంతేశాడు.

"మాస్టారూ, ఇది పంపండి. ప్రైజు మీదేనండి! ఇంత సహజమైన ఫోటో నేనెప్పుడూ చూళ్ళేదు."

వెనక పగలబడి నవ్వుతున్న వీధి, ముందు నురగ కక్కుతున్న గౌరీశంకరం. మాస్టారు దాన్ని చాలాసేపు చూశాడు. రాఘవయ్య ఎందుకు పరుగెత్తాడో అప్పుడర్థమై, పాపం అనిపించింది.

"ఇది అచ్చయితే స్టాఫు రూముకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళనయ్యా?"

"మరి పోటీ?"

"పోతే పోయింది. మీ దగ్గర కోటుందా?"

కాసేపటికి గౌరీశంకరం ఎరువు కోటు వేసుకుని, స్టూడియోలోని అలారం గడియారం పక్కన, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.