అమ్మకానికి పెట్టించిన కిటికీ

సోమవారం పొద్దున కాఫీ తాగుతూ వెంకటప్పయ్య వారం మొత్తానికీ ఏర్పాటు చెప్పేశాడు. గురువారం ఇల్లు బేరం కుదరాలి. శుక్రవారం ఆ బయానా పట్టుకెళ్ళి, గంపలగూడెంలో ఉన్న అన్నగారు వీరరాఘవయ్యతో కలిసి వాటాకి ట్రాక్టరు కొనాలి. ఆ పైన భార్యాభర్తలిద్దరూ తిరువూరు వదిలేసి అన్నగారింట్లోనే ఉండిపోవాలి.

"అక్కడ ఏడు గదులున్నాయి. మనిద్దరికీ ఒకటి చాలదూ?" అన్నాడు.

సీతారావమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆమె లెక్క గదుల గురించి కాదు. ఆ ఇంట్లో గదులు ఏడైనా వంటిల్లు ఒక్కటే. అందులో పెద్ద తోడికోడలు వేసిందే ఉప్పు, ఆవిడ దించమన్నప్పుడే కూర. ఇక్కడి వంటిల్లు చీకటిదైనా తనది. దానికి కిటికీ లేదు. పొగ కళ్ళల్లో కాసేపు కూర్చుని, తోచినప్పుడు పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది.

ఇరవై రెండేళ్ళ క్రితం కాపురానికి వచ్చిన కొత్తలో ఒక కిటికీ పెట్టించమని అడిగింది. "మిరప అమ్మాక చూద్దాం" అన్నాడు. మిరప అమ్మాడు. "పత్తి అమ్మాక" అన్నాడు. పత్తీ అమ్మాడు. తర్వాత "పొగ లేని వంటిల్లు ఉంటుందటే ఎక్కడైనా?" అన్నాడు. ఆమె అడగటం మానేసింది. కావాలనుకోవటం మాత్రం మానలేకపోయింది.

ఆ పూటే హనుమయ్య వచ్చాడు. అతను ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. సంత లేని రోజుల్లో ఇళ్ళ బేరాలు కూడా చూసేవాడు. ఇల్లంతా తిరిగి, వంటింట్లో తల పెట్టి, దగ్గుతూ బయటికొచ్చాడు.

"వినగడప జగన్నాథరావుగారు గురువారం పొద్దున వస్తున్నారండీ. భార్యని కూడా తెస్తున్నారు. ఆడవాళ్ళు ముందు చూసేది వంటిల్లే. ఇదేంటండీ, బొగ్గుబట్టీలాగా?"

"మొదట్నుంచీ ఇలాగే ఉందయ్యా. మా ఆవిడ ఏనాడూ ఏమీ అనలేదు."

"ఎద్దుని సంతకి తోలేముందు కొమ్ములకి రంగు పుయ్యమా? ఇక్కడో కిటికీ కొట్టించండి. ఇల్లు ఎగరేసుకుపోతారు."

మధ్యాహ్నానికి తాపీమేస్త్రీ ఖాదర్‌బాషా గడ్డపార భుజాన వేసుకుని వచ్చేశాడు.

"ఎంత ఎత్తులో పెట్టమంటారమ్మా?" అని సీతారావమ్మని అడిగాడు.

ఆ ఇంటి గురించి ఆమెని ఒకరు అడగటం అదే మొదలు. ఆమె పొయ్యి దగ్గర నిలబడి, సరిగ్గా తన కళ్ళ ఎత్తులో గోడమీద చెయ్యి ఆనించింది.

"నీ ఎత్తు దేనికే?" అన్నాడు వెంకటప్పయ్య. "కొనేవాళ్ళావిడ ఎత్తు కనుక్కోవాలి గానీ."

"ఆవిడ ఇక్కడ లేదు కదండీ" అని ఖాదర్‌బాషా ఆ చేతి పక్కనే బొగ్గుతో గీత గీశాడు.

మూడో దెబ్బకి మట్టిగోడ సగం కూలి పొయ్యిమీద పడింది. కిటికీ కోసం గోడ కట్టాల్సి వచ్చింది, గోడ మూలంగా పొయ్యి వెయ్యాల్సి వచ్చింది. కొత్త గోడ తెల్లగా ఉండేసరికి మిగతా మూడు గోడలు మరీ నల్లగా కనిపించాయి. వాటికి సున్నం వేశారు. వంటిల్లు మెరిసేసరికి సావిడి పశువుల కొట్టంలాగా కనిపించింది. దానికీ వేశారు. ఇల్లంతా వెల్ల అయ్యాక గడపలు వెలవెల పోయాయి. వాటికి పసుపు రాసి బొట్లు పెట్టారు. గడ్డపార దెబ్బలకి వీధి గుమ్మం పైన ఒక పగులు తేలింది. పూడ్చటానికి టైము లేదు. హనుమయ్య దాని మీద దట్టంగా మామిడాకుల తోరణం కట్టేశాడు.

"పగులు కనపడిందా, బేరం సగానికి పడిపోతుంది" అన్నాడు.

గురువారం పొద్దున వెంకటప్పయ్య ఉతికిన చొక్కా వేసుకుని, జగన్నాథరావు దంపతుల్ని తీసుకురావటానికి బస్‌స్టాండుకి వెళ్ళాడు. వచ్చేవాళ్ళకి కాఫీ ఇవ్వాలని సీతారావమ్మ కొత్త పొయ్యి రాజేసి పాలు పెట్టింది. పొగ లేచి, ఆమెని దాటుకుని, కిటికీలోంచి తిన్నగా వెళ్ళిపోయింది.

ఆ పొగ ఎటు పోతోందా అని ఆమె చూసింది. పక్క సందు, దాని చివర ఒక చింతచెట్టు, దాని వెనక రోడ్డు. రోడ్డుమీద బెజవాడ బస్సు వస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఆ బస్సుని చప్పుడుతోనే ఎరుగును. ఎర్రగా ఉంటుందనీ, టాపుమీద కూరగాయల గంపలు ఉంటాయనీ, కిటికీ పక్కన కూర్చున్న పిల్ల ఎవరైనా సరే ఊళ్ళోవాళ్ళకి చెయ్యి ఊపుతుందనీ తెలియదు. ఆమె కూడా చెయ్యి ఊపింది. వెనక పాలు పొంగి, పొయ్యి చుట్టూ కారి, ఆ కమ్మటి మాడు వాసన సందులోకి వెళ్ళింది.

సందులోంచి వస్తున్న పిచ్చమ్మ ఆగింది. ఆ వీధిలో పెద్దావిడ. వాసన చూసింది, సున్నం చూసింది, పసుపు గడప చూసింది, తోరణం చూసింది.

"ఏమే సీతారావమ్మా, పాలు పొంగించావుటే?"

"పొంగాయి, పిన్నిగారూ."

"ఎంత గుట్టే మీ మొగుడూ పెళ్ళాలకి! గృహప్రవేశం పెట్టుకుని వీధిలో ఒక్కళ్ళకి చెప్పరా?"

కాదని చెప్పటానికి సీతారావమ్మ నోరు తెరిచింది. ఈ ఇంట్లోకి వచ్చింది మామగారు పోయిన ఏటిసూతకంలో. ముహూర్తం లేదు, పాలు లేవు, పిలుపులు లేవు. ట్రంకు పెట్టె దించుకుని వెళ్ళి వంట మొదలుపెట్టింది. తెరిచిన నోటితో "రండి, కూర్చోండి" అంది.

పావుగంటలో సావిడి నిండింది. ఒకావిడ రవికల గుడ్డ తెచ్చింది. ఇంకొకావిడ మిగిలిన పాలల్లో బియ్యం పోసి పరమాన్నం చేసేసింది. "ఇన్నాళ్ళకి నీ ఇల్లు ఇల్లయిందే" అని పిచ్చమ్మ ఆమె నుదుటిమీద కుంకం పెట్టింది. సీతారావమ్మ పొగ లేకుండానే కళ్ళు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడు జగన్నాథరావు దంపతులు దిగారు. వాళ్ళు బస్సులో రాలేదు, సొంత బండిలో వచ్చారు. వెంట హనుమయ్య ఉన్నాడు.

"ఇక్కడేంటమ్మా, ఇంతమంది?" అన్నాడు జగన్నాథరావు.

"గృహప్రవేశం, నాయనా. పరమాన్నం తిని వెళ్ళండి" అంది పిచ్చమ్మ.

జగన్నాథరావు బయానా సంచి చంకలో బిగించి హనుమయ్య వైపు తిరిగాడు. "ఒకళ్ళు కొని పాలు పొంగించిన ఇల్లు నాకు చూపిస్తావా? ఎడ్ల బేరంలో చేసే పని ఇళ్ళల్లో కూడా మొదలుపెట్టావా?"

"అయ్యో, అది కాదండీ, ఆ తోరణం నేనే కట్టానండీ..."

"కట్టేవాడివి నువ్వే, అమ్మేవాడివి నువ్వేనన్నమాట!"

బండి తిరిగి వెళ్ళిపోయింది. ఆయన భార్య మాత్రం ఒక ఆకు పరమాన్నం చేత్తో పట్టుకుని ఎక్కింది.

మూడు బస్సులు చూసి ఇంటికొచ్చిన వెంకటప్పయ్యని పిచ్చమ్మ అక్షింతలు వేసి లోపలికి పిలిచింది. విషయం తెలిశాక ఆయన అన్నగారి దగ్గర నాలుగు రోజులు గడువు అడుగుదామని, అందిన బస్సెక్కి గంపలగూడెం పోయాడు. కబురు అంతకు ముందు బస్సులోనే వెళ్ళింది.

"ఏరా, సొంత అన్నని పిలవకుండా గృహప్రవేశమా?" అన్నాడు వీరరాఘవయ్య, అరుగు దిగకుండానే. "పంక్తిలో పనికిరానివాణ్ణి ట్రాక్టరులో మాత్రం దేనికిరా? ఆ వాటా ఇందాకే మా బావమరిదికి ఇచ్చేశాను."

పొద్దు వాలేవేళకి వెంకటప్పయ్య తిరిగొచ్చాడు. భార్యని కేకలు వెయ్యటానికి చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. కాపురం పెట్టాక ఆ గదిలో ఆయన అడుగు పెట్టిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కిటికీలోంచి చల్లగాలి తగిలింది. కేక ఆగింది. పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఆమె అన్నం పెట్టింది. మారు పెట్టించుకున్నాడు.

"ఇల్లు అమ్మద్దులే" అన్నాడు చివరికి. "ఇంత గాలి వస్తుంటే ఎలా అమ్ముతాం? ఈ కిటికీ ఎప్పుడో పెట్టించాల్సింది. ఎవరూ నాకు చెప్పలేదేం?"

సీతారావమ్మ మజ్జిగ పోసింది. ఆ రోజుకి ఇల్లు తనది, వంటిల్లు తనది, ఉప్పు తనది. అంతకంటే మాట్లాడటం అత్యాశ అనిపించింది.

మర్నాడు ఎర్రబస్సు వచ్చే వేళకి ఆమె పొయ్యి రాజేసి తలెత్తితే, గాలి కోసం కిటికీకి ఆనుకుని నిలబడి పేపరు చదువుకుంటున్న వెంకటప్పయ్య వీపు కిటికీ నిండా ఉంది.