ముత్యాలప్ప మోటారు దండయాత్ర, యల్లక్క పడుగు

ఖండాంతరములలో చక్రవర్తులు ఒకరి పట్టణములనొకరు కాల్చి బూడిద చేయుచుండగా, ఇచ్చట పెట్రోలునకు కూపనులు, బియ్యమునకు రేషను, పేదవాని నోటికి తాళము పడియున్న వెయ్యిన్ని తొమ్మిదివందల నలుబదినాలుగవ సంవత్సరమున, ధర్మవర పట్టణమున, పట్టుచీరల వర్తక సార్వభౌముడు, పరశ్రమోపజీవి, పదిమగ్గముల ప్రభువు ముత్యాలప్ప సలిపిన మహాసంగ్రామమును చెప్పెదను. చెవి యొగ్గుడు. మధ్యలో లేచిపోవలదు.

పెనుకొండలో పెండ్లివిందున కంఠపర్యంతము సారాయి సేవించి, తెల్లవారగనే స్వహస్తములతో కారు చక్రము పట్టి, ధూళిధూసరిత దిగంతరుడై వచ్చుచున్న ఆ మహారథికునకు నేతగాండ్ల వీధి యెదురయ్యెను. ఆ వేళ యల్లక్క, చీరల నిలువుపోగులైన పట్టుపడుగును వీధి పొడవునా సాచి, అడ్డుకర్రలు నిలిపి, పోగుపోగును సరిచేయుచుండెను. ధర్మవరమున ప్రొద్దుటిపూట వీధి పడుగుది. ఎద్దుబండి సైతము చుట్టు తిరిగి పోవును. ఈ సంగతి ముత్యాలప్పకు తెలియును. సారాయికి తెలియదు.

కర్రలు విరిగెను. మూడు చీరల పడుగు తునాతునకలయ్యెను. కారు దీపములు రెండును పగిలెను.

"కండ్లు యాడ పెట్టుకోని వస్తాండావప్పా!" అని యల్లక్క గర్జించెను. "వాసన చూడండబ్బా! ఈ బండి పెట్రోలుతో నడుస్తాండాదా, సారాయితో నడుస్తాండాదా?"

పోలీసులు వాసన చూచిరి. తాగి తోలినాడని పెనుకొండ కోర్టు జుల్మానా వేసెను. అంతలో హిందూపురమునుండి బీమా ఏజెంటు వెంకటస్వామి వచ్చి విరిగిన దీపములను పరికించెను.

"ముత్యాలప్పా, తాగి తోలినావని కోర్టే చెప్పె. ఇంక నీ బండికి కంపెనీ చిల్లిగవ్వ ఇయ్యదు. వచ్చే ఏడు నీకు పాలసీ ఇస్తే అదే గొప్ప. ఇచ్చినా రెండింతల దుడ్లు కట్టల్ల."

"మరి ఆ పడుగో?"

"ఎవురిది?"

ముత్యాలప్ప మీసము దువ్వుకొనెను. పట్టు అతనిదే. యల్లక్కకు నేత కూలి మాత్రమే.

"నీదే అయితే రాదు. ఇంకొకరి సొత్తయితే, తోలినోడు తాగినా కంపెనీ ఇయ్యాల్సిందే. వాళ్ల చేతికే ఇస్తాది."

ఆ మాట చెవిసోకగనే ముత్యాలప్ప రోమాంచకంచుకితగాత్రుడై మనసులోనే ఇట్లు ప్రతిన పట్టెను: "ఓసీ కంపెనీ! నా దీపయుగళమును తృణీకరించిన నీ ధనాగారమును, తెగిన ఆ పట్టుపోగుతోనే కట్టి యీడ్చుకొని రాకున్న నేను ముత్యాలప్పను గాను!" వెంటనే కాగితము తెప్పించి, ఆ పట్టు యల్లక్క సొంతమనియు, తనకెట్టి హక్కును లేదనియు వ్రాసి, ఇద్దరు సాక్షులయెదుట సంతకము గీకెను. మూడు తరములుగా ఆమె ఇంట నేసిన చీరలలో జానెడైనను ఆమెది కాలేదు. కంపెనీని ముంచుటకు మాత్రము ఒక్క గీతలో సర్వమును ఆమెదయ్యెను. ధర్మము ఇట్టివారి చేత ఇట్లే నడచును.

నెల తిరిగెను. వెంకటస్వామి సొమ్ము తెచ్చి, ముత్యాలప్ప ఇంట యల్లక్క చేతిలో పెట్టి, రసీదుపై వేలిముద్ర తీసుకొనెను. ముత్యాలప్ప బాహుదండమును చాచెను.

"ఇట్లియ్యి యల్లక్కా."

"ఏంది ఇయ్యాల?"

"దుడ్లు! పట్టు నాది గదా!"

"నీది కాదని నువ్వే రాసిస్తివి గదప్పా. సాక్షులు ఈడనే ఉండారు, పిలిపిద్దామా?"

"అది కంపెనీకి చెప్పిన మాట!"

వెంకటస్వామి పెన్ను మూత తీసెను. "ఏమంటివప్పా? కంపెనీకి అబద్ధం రాసిచ్చినావా? మళ్లా ఒకసారి చెప్పు, రాసుకుంటా. తాగిన కేసు చిన్నది. ఇది పెద్దదవుతాది."

మగ్గముల ప్రభువు చాచిన బాహుదండమును ముడుచుకొనెను. కారు దీపములు పోయెను, పట్టు పోయెను, మీసము వ్రాలెను. యల్లక్క సొమ్మును కొంగున ముడివేసుకొని, ఇకమీద తన పట్టు తానే కొనుక్కొందునని చెప్పి గడప దాటెను. అయినను మహావీరుడు తుదిశ్వాసదాక పోరును విడువడు గదా!

"నిలువు!" అని ముత్యాలప్ప సింహనాదము చేసెను. "రసీదుకు అంటించిన స్టాంపు నేను కొన్నా! నా అణా నాకియ్యి!"

యల్లక్క అతనిని పైనుండి క్రిందిదాక చూచెను. "పాపం, తీసుకో" అని ఒక అణాను విసరెను. అది మోరీ అంచున పడి దొరలుచుండగా, ముత్యాలప్ప మోకాళ్లపై పడి, మెరుపువలె లంఘించి, నీటబడకమునుపే ఒడిసిపట్టెను.

వినుడు పురజనులారా! రాజ్యమంత కంపెనీపై, కూలిమనిషి యల్లక్కపై ఏకకాలమున కత్తి దూసి, సర్వమును ఓడియు, పరసైన్యహస్తమునుండి ఒక అణా, అక్షరాల ఒక్క అణా, ముత్యాలప్ప గెలిచెను. జయము!