మెత్తకు జమానతు

శుక్రవారం బడికి సెలవు. ఆ పొద్దున పర్వతాలు పంతులు పెట్టుకున్న పని చాలా చిన్నది. సైకిలున్నవాళ్ల కోసం ఎర్రగుట్టపేటలో రెండు జమాతులు, అంటే కూటములు, వెలిశాయి. సైకిల్ పోతే ఇంకొకటి ఎవరు ఇప్పిస్తారు, ఠాణాలో పడితే ఎవరు విడిపిస్తారు అని అడిగి, సరిగా జవాబు చెప్పినవారితో చేరి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి పొయ్యి మీద పప్పు పెట్టుకోవాలి. అంతే.

అది నిజాం రాజ్యం మీదికి యూనియన్ ఫౌజు వస్తుందట అని అంగడికొక పుకారు పుట్టే కాలం. రాత్రి నిజాం మీద తిరగబడ్డ సంఘంవాళ్లు వచ్చి, పోలీసు బండ్లు రాకుండా బాటలు తవ్వేవారు. పొద్దున పోలీసులు వచ్చి, ఆ బాటల మీద నడిచేవాళ్లను ఎందుకు నడుస్తున్నావని అడిగేవారు. సైకిల్ కనబడితే మరీ అనుమానం. సైకిల్ మీద పోయేవాడు తొందరగా పోతాడు, తొందరగా పోయేవాడు సంఘానికి కబురు మోస్తున్నాడు. ఠాణా పెద్ద అమీన్ సాబు లెక్క అది. పోయిన అంగడినాడు పశువుల డాక్టరు సైకిల్ గుంజుకున్నారు. ఆయన ఇప్పుడు ఎద్దులను చూడడానికి ఎద్దుబండి మీద పోతున్నాడు.

పంతులు పనిచేసే బడి మూడు కోసుల దూరం. సైకిల్ పోతే బడి పోయినట్టే. అయితే ఆయన భయం బడి గురించి మాత్రమే కాదు. సైకిల్ వెనక క్యారియర్ మీద ఒక మెత్త కట్టి ఉంది. పాత నారాయణపేట చీర కొంగు మడిచి, దూది కూరి, ఆయన భార్య రామమ్మ కుట్టింది. అంగడికి పోయినా, పుట్టింటికి పోయినా ఆమె దాని మీదే కూర్చునేది. పోయిన వానాకాలం జ్వరమొచ్చి రామమ్మ చనిపోయింది. ఆ తర్వాత దాని మీద ఎవరూ కూర్చోలేదు. రోజూ పొద్దున పంతులు తువ్వాలతో ఆ మెత్త దుమ్ము దులిపి, ఆ తర్వాతే సైకిల్ బయటికి తీసేవారు. ఇది ఎవరికీ చెప్పుకునే విషయం కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ముందు లింగస్వామి దగ్గరికి పోయారు. లింగస్వామి ఒక వకీలు దగ్గర రాతకోతలు చూసే మున్షీ. జిల్లాలో కొత్తగా పెట్టిన సైకిల్ సవార్ల అంజుమన్‌కు ఈ ఊళ్లో అతనే పెద్ద.

"అంజుమన్ అంటె ఆషామాషీ కాదు పంతులూ. సైకిల్ పోయిందనుకోండి, పట్నం నుంచి కొత్తది వస్తది. ఠాణల పడ్డరనుకోండి, నల్లకోటు ఏసుకొని వకీల్ సాబే వస్తడు."

"ఎప్పుడొస్తడు?"

"తవ్విన తొవ్వ బాగయినంక."

"తొవ్వ ఎప్పుడు బాగయితది?"

"గది నన్నడిగితె ఎట్ల? తవ్వినోళ్లను అడగాలె."

లింగస్వామి అరుగు దిగి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు సైకిల్ చుట్టూ తిరిగాడు. "గంట ఉన్నది. దీపం ఉన్నది. బ్రేకు ఉన్నదనుకుందాం. గీ మెత్త ఏంది?"

"మెత్తే."

"తీసెయ్యాలె. మెత్త ఉన్నదంటె ఎన్క ఎవరో కూసుంటున్నట్టే. డబల్ సవారీ మనా ఉన్నది, చెయ్యొద్దు. గసొంటి సైకిల్ మా అంజుమన్ల చెల్లది."

"ఎవరు కూసుంటలేరు."

"కూసోనప్పుడు మెత్త ఎందుకు?"

పంతులు అతని వంక చూశారు. చెప్పడానికి చాలా ఉంది. వకీలు మున్షీకి చెప్పేదేదీ లేదు. "ఆలోచన చేసి చెప్త," అన్నారు. వేరేవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టేచోట ఆయన వాడే మాట అది.

అక్కణ్ణుంచి నేరుగా ఏసోబు దుకాణానికి తొక్కారు. ఏసోబు పంక్చర్లు వేస్తాడు, చక్రాలు సరిచేస్తాడు, కొత్తగా ఊళ్లోవాళ్లతో కలిసి ఒక పొత్తు నడుపుతున్నాడు.

"సంఘం అనకండ్రి పంతులూ. గా మాటంటె తోలు తీస్తరు. మనది సైకిళ్ల పొత్తు. మీ సైకిల్ పోతె తలా ఒక సామాను ఇస్తరు. ఒకరు చక్రం, ఒకరు చైను, ఒకరు సీటు. నేను జోడిస్త."

"అందరి సామాను ఒకతీరు ఉండది గదా?"

"ఉండది. కని నడుస్తది. మన బుచ్చయ్యది చూడుండ్రి."

పాలు పోసే బుచ్చయ్య అప్పుడే అటు పోతున్నాడు. అతని సైకిల్‌కు ముందు చక్రం పెద్దది, వెనక చక్రం చిన్నది. చదునైన బాట మీద కూడా గుట్ట ఎక్కుతున్నట్టే కనిపించాడు.

"ఠాణల పడితె?"

"అందరం వస్తం."

"వకీలు?"

"వకీలు ఒక్కడు. మనం అందరం. జమానతు ఇచ్చి ఇడిపియ్యాలంటె ఆస్తి చూపియ్యాలంటరు గదా? మనకున్న ఆస్తి సైకిలే. తెచ్చి ఠాణ ముంగట నిలవెడతం. పట్టుకుంటె మీరు గంట కొట్టుండ్రి. గది ఇన్నోడు కొడ్తడు, వాని గంట ఇన్నోడు కొడ్తడు. అన్నం తింటున్నోడు సుత చెయ్యి కడుక్కోకుంటనే రావాలె. అది కట్టుబాటు."

పంతులు ఇంకొక్క మాట అడిగారు. "ఈ మెత్త..."

"రామమ్మక్క కుట్టింది గదా? ఉండనియ్యుండ్రి. దాని జోలికి ఎవడొస్తడు?"

పంతులు ఆ పొత్తులో చేరిపోయారు. ఏసోబు గుర్తుగా హ్యాండిల్‌కు ఒక తెల్ల నూలుపోగు కట్టాడు. ఆ రోజుల్లో గుడ్డకు రంగుంటే చాలు, ఎవరో ఒకరు పట్టుకునేవారు.

దాని జోలికి వచ్చేవాడు ఇంటికి పోయే బాటలోనే ఉన్నాడు. ఠాణా ముందు జవాను చెయ్యి అడ్డం పెట్టాడు. అరుగు మీద అమీన్ సాబు చాయ్ తాగుతున్నాడు. తాగుతూనే వేలితో మెత్తను చూపించాడు.

"ఏం పంతులూ, గిది ఎవనికి?"

"నా భార్యది."

"ఏడున్నది?"

"చచ్చిపోయింది. పోయిన వానలల్ల."

అమీన్ సాబు లేచి వచ్చి మెత్త మీద అరచెయ్యి రాసి, చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఆమె పోయి ఏడాది కావస్తాంది. సైకిల్ అంత దుమ్మున్నది. మెత్త మీద దుమ్ము లేదు. అంటె రోజు ఎవడో కూసుంటుండు. ఎవడు? ఏ సంఘం దళపోణ్ణి మోస్తున్నవ్?"

పంతులు నోరు తెరిచారు. రోజూ నేనే దులుపుతాను అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అరచెయ్యి తుడుచుకుంటున్న ఆ మనిషికి ఆ మాట ఇవ్వబుద్ధి కాలేదు.

"చూసినవా? జవాబు లేదు. లోపటెయ్యి!"

పాఠం చెప్పి పొట్ట పోసుకునే మనిషిని, చచ్చిన భార్య కుట్టిన మెత్తను దుమ్ము లేకుండా ఉంచినందుకు లాకప్పులో వేశారు. ఇందులో నేరం ఏమిటో ఆయనకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆయన గంట కూడా కొట్టలేదు. సైకిల్‌ను గడప దాటిస్తుంటే జవాను మోకాలు తగిలి గంట దానంతటదే మోగింది.

ఠాణా ఎదుట పల్లీలు అమ్మే గుర్వమ్మ ఆ గంట విన్నది. "ఓ బుచ్చయ్యా! పంతులును లోపటేసిండ్రురో! గంట కొట్టు!" అని కేక వేసింది. బుచ్చయ్య కొట్టాడు. సందు మలుపులో ఇంకెవరో కొట్టారు. చాకలిరేవు వైపు నుంచి ఒకటి, మాలవాడ నుంచి ఒకటి, అంగడి బాట నుంచి నాలుగైదు గంటలు వినిపించాయి. కాసేపటికి ఊరంతా గంటలే.

అమీన్ సాబు చాయ్ కింద పెట్టాడు. జవానును కప్పు మీదికి ఎక్కించాడు.

"ఏం కనబడ్తాంది?"

"మూడు దిక్కుల దుమ్ము లేస్తాంది సాబ్. అందరు సైకిళ్ల మీదనే ఉన్నరు. ఒకని సైకిల్‌కు రెండు పెద్ద డబ్బాలు ఏలాడుతున్నయి. ఎండకు మెరుస్తున్నయి."

అవి బుచ్చయ్య పాల డబ్బాలు. అమీన్ సాబు మనసులో అవి పాల డబ్బాలు కావు, బాంబులు. ఠాణాల మీద దళాలు పడుతున్న రోజులవి. మిగతా జవాన్లు హుకుం కోసం ఆగలేదు. వెనక గోడ దూకి, అమీన్ సాబు గుర్రాన్ని కూడా తోలుకుని పోయారు. ఠాణాలో రాతిగోడలు, ఇనుప తలుపు ఉన్న గది ఒక్కటే. అమీన్ సాబు అందులో దూరాడు.

"బయటికెల్లి తాళమెయ్యి! తాళంచెవి వాళ్ల చేతికి దొరకొద్దు! పో!"

కప్పు దిగివచ్చిన జవాను నమ్మకస్థుడు. తాళం వేశాడు. తాళంచెవి వాళ్ల చేతికి దొరకకుండా, దాన్ని పట్టుకుని ఎంత దూరం పోగలడో అంత దూరం పోయాడు.

లోపల మూలన కూర్చున్న పంతులు కొంచెం జరిగి అమీన్ సాబుకు జాగా ఇచ్చారు.

పొత్తువాళ్లు వచ్చారు. కట్టుబాటు ప్రకారం సైకిళ్లను ఠాణా ముందు వరసగా నిలబెట్టారు. అరుగు మీద ఎవరూ లేరు. ఏసోబు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కడ్డీల వెనక ఇద్దరిని చూసి, చేతులు కట్టుకున్నాడు.

"సాబ్, మా పంతులుకు జమానతు ఇయ్యనీకె వచ్చినం."

అమీన్ సాబు కడ్డీలు పట్టుకుని బయటికి తొంగి చూశాడు. "మీరు... జమానతుకా? గంటలు?"

"అవు సాబ్. తీసుకోండ్రి."

"ముందు తలుపు తెరువు!"

"తాళంచెవి లేదు గదా సాబ్."

"పగలగొట్టు!"

"ఠాణ తాళం పగలగొడితె కేసయితది. మీరే ఏస్తరు." ఏసోబు తల గోక్కున్నాడు. "జమానతు తీసుకోనీకె అమీన్ సాబ్ బయట ఉండాలె. మీరేమో లోపట ఉన్నరు. ఇప్పుడు మీకు సుత జమానతు కావాలె."

"నేను ముల్జిం కాదురా, నేరం చెయ్యలే!"

"లోపటున్నోళ్లంత గదే అంటరు సాబ్," అన్నాడు బుచ్చయ్య బయటి నుంచి.

గుర్వమ్మ పల్లీల గంప పట్టుకునే లోపలికి వచ్చింది. "ఎవలకు జమానతు? ఈనకా? ఈన పొత్తుల ఉన్నడా? ఆడమనిషి కూసున్న మెత్తను చేత్తోని తడిమి చూసిండు, నేను చూడలేదనుకున్నడు. ఆ తల్లిని ఎన్క కూసోవెట్టుకొని పంతులు ఎంత మెల్లగ తొక్కేటోడో మాకు ఎరుక. ఒక్క గతుకుల పడనిచ్చేటోడు కాదు. ఉండనియ్యి లోపటనే."

"పంతులూ, జర మీరన్న చెప్పుండ్రి," అన్నాడు అమీన్ సాబు. పొద్దున 'నువ్వు' అన్నవాడు ఎండ నడినెత్తికి రాకముందే 'మీరు'లోకి దిగాడు.

"పంతులు మీద కేసు లేదని అందరి ముంగట చెప్పుండ్రి," అన్నాడు ఏసోబు. అమీన్ సాబు చెప్పాడు. వెనక ఉన్నవాళ్లకు వినబడలేదంటే ఇంకొకసారి గట్టిగా చెప్పాడు. ఏసోబు సామాను సంచి తెప్పించి, తలుపు బందుల మొలలు ఊడదీసి, తలుపునే ఎత్తి పక్కన పెట్టాడు. తాళం తాళంలాగే ఉంది.

బయటికి వచ్చి గాలి పీల్చుకున్నాక అమీన్ సాబుకు అసలు సంగతి గుర్తొచ్చింది. "జవాన్లు పెద్ద ఠాణాకు ఉరికిండ్రు. ఎర్రగుట్టపేట ఠాణ సంఘపోళ్ల చేతుల పడ్డదని చెప్తరు. సర్కారు ఫౌజు వస్తది. వచ్చినంక ఎవడు ఏమిటో అడగరు. ఊరు కాలవెడతరు." ఇది మాత్రం అబద్ధం కాదని అందరికీ తెలుసు. కాలిన ఊళ్లు చుట్టుపక్కలే ఉన్నాయి. "నేను బతికున్న అని నేనే పోయి చూపియ్యాలె. తొవ్వలనే వాళ్లను అందుకోవాలె. నాకు సైకిల్ తొక్కరాదు."

పొత్తువాళ్లు తమ సైకిళ్ల వంక చూసుకున్నారు. బుచ్చయ్య సైకిల్‌కు పాల డబ్బాలు. మిగతా సైకిళ్లలో సగానికి క్యారియర్ లేదు, మిగిలిన సగం తలా ఒక సామానుతో జోడించినవి, వెనక మనిషి ఎక్కితే విరిగేవి. వెనక మనిషిని మోయగలిగే సైకిల్ ఒక్కటే ఉంది. అది గడప లోపల, గోడకు ఆనించి ఉంది.

పంతులు దాని దగ్గరికి పోయారు. ఊరిని తలుచుకున్నారు. బడి పిల్లల ఇళ్లు, గుర్వమ్మ గుడిసె, ఏసోబు దుకాణం. సైకిల్ బయటికి తీశారు. అమీన్ సాబు హమ్మయ్య అనుకుని, మెత్త వంక చూస్తూ గబగబా మెట్లు దిగాడు.

పంతులు వంగి, మెత్త ముడులు ఒక్కొక్కటే విప్పారు. అవి రామమ్మ వేసిన ముడులు. విప్పడానికి తొందరపడలేదు. మెత్తను తువ్వాలలో చుట్టి గుర్వమ్మ చేతిలో పెట్టారు.

"దుమ్ము పడకుంట చూడు."

"నా గుండెల మీద పెట్టుకుంట బిడ్డా," అన్నది గుర్వమ్మ.

అమీన్ సాబు ఖాళీ క్యారియర్ ఇనుప కడ్డీల వంక చూశాడు. "పంతులూ, గా మెత్త ఉండనియ్యరాదుండ్రి? అంత రాళ్ల తొవ్వాయె. తవ్వి పెట్టిండ్రు."

"మెత్త ఉంటె డబల్ సవారీకి సాక్ష్యం అయితది సాబ్," అన్నారు పంతులు. "ఎక్కుండ్రి."

అమీన్ సాబు ఎక్కాడు. వెనక పొత్తువాళ్లందరూ గంటలు కొట్టారు.

ఆ బాటలో ఏ గతుకు ఎక్కడుందో, దాన్ని ఎట్లా తప్పించాలో పర్వతాలు పంతులుకు తెలిసినంతగా జిల్లాలో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క రోజు మాత్రం ఆయన అన్నీ మరచిపోయారు.